గుండె సంచిలో చెంగల్వ

శీతాద్రిపురాన్ని ఏలే వసంతకేతు మహారాజుకు ఒక్కతే కూతురు, హేమలేఖ. శోషుడనే రాక్షసుడు ఆమెను పెళ్ళాడతానని వచ్చి, కాదనిపించుకొని, ఆ పగతో ఆవగింజంతగా మారి ఆమె ముక్కులోంచి లోపలికి దూరాడు. ఆనాటినుంచి రాకుమారి ఒళ్ళు లోపల్లోపలే ఎండిపోసాగింది. కన్ను తెరవదు, పెదవి కదపదు. వైద్యులు నూరిన మందులు గుట్ట అయ్యాయిగాని గుణం మాత్రం కనబడలేదు.

ఆ ఊరి చివర చెంగల్వ అనే పిల్ల మద్దెలలు కట్టి బతికేది. తల్లీ తండ్రీ లేరు. పచ్చితోళ్ళ వాసనకు ఎవరూ ఆ గుడిసె దాపులకు వచ్చేవారు కారు. మద్దెల కావలసినవాళ్ళు కూడా గట్టుమీదే నిలబడి కేకవేసేవారు. మద్దెల మోత కావాలి, దాని తోలు వాసన మాత్రం వద్దు! హేమలేఖ ఒక్కతే మారువేషంలో వచ్చి, తోళ్ళ పక్కన చతికిలబడి కబుర్లు చెప్పేది. లోకంలో చెంగల్వకు ఉన్నదల్లా ఆ ఒక్క స్నేహమే. అదీ పోతుందంటే ఆమెకు ముద్ద దిగలేదు.

ఆమె అడవులు దాటి చిత్రకుడనే మునిని వెతికి పట్టుకుంది. ముని అంతా విని ఒక వేరు ముక్క ఇచ్చాడు.

"ఇది నమిలితే ఆవగింజంత అవుతావు. రాకుమారి లోపలికి వెళ్ళు. అక్కడ అడుగడుగునా పొరలుంటాయి. అడిగితే అవే దారిస్తాయి. చీల్చావా, ఆమె దక్కదు."

"నాకు తోడెవరైనా వస్తారా స్వామీ?"

"ఈ వేరు ఇద్దరికి చాలదమ్మా" అన్నాడు ముని.

కోటలో అందరూ ఆశ వదులుకున్నారు. కాపలావాళ్ళు ఎవరినీ అడ్డగించడం లేదు. చెంగల్వ రాకుమారి దిండు పక్కన కూర్చొని వేరు నమిలింది.

ముక్కులో మొదటి పొర ఎదురైంది. చిన్న చిన్న కణాలు ఇటుకల్లా ఒకదానికొకటి ఆనుకొని గోడ కట్టి ఉన్నాయి. వాటి నెత్తిన సన్నని నూగు, ఆ నూగుమీద ఎండి పెళుసెక్కిన జిగురు.

"ఎవరే నువ్వు, దుమ్మువా?" అని గోడ అడిగింది.

"కాదమ్మా, చెంగల్వను. హేమలేఖ కోసం వచ్చాను. కాస్త దారివ్వండి."

"మంచి రోజుల్లో అయితే జిగురులో పట్టి బయటికి నెట్టేవాళ్ళం. ఇప్పుడు మాకే ఓపిక లేదు. పో తల్లీ."

అలా పొరపొరనూ అడుగుతూ ఆమె ఊపిరి కండరం దాకా దిగింది. అక్కడ పొడుగాటి కండపోగులు, తెల్లటి నారపొర కట్టలుగా కట్టి ఉంచిన తాళ్ళలా, ఒక్కసారే ముడుచుకుంటూ సాగుతూ ఉన్నాయి. ఆమె పలకరించినా ఏదీ తల తిప్పలేదు. అవి ఆగితే ఊపిరే ఆగిపోతుంది. ఇందరి మధ్యా తాను ఒంటరినే అనిపించి చెంగల్వకు ఏడుపొచ్చింది.

వాటి నడుమ సన్నని నరం ఒకటి వణుకుతోంది.

"గుండె దగ్గరికా? నన్ను పట్టుకొని పో. అక్కడినుంచి వచ్చే కబురు ఒకటే, నొప్పి" అంది నరం.

"నీకు తోడెవరూ లేరా?"

"అందరి కబుర్లూ మోస్తాను. నాతో కబుర్లు చెప్పేదెవరు?"

చెంగల్వ దాని పక్కన కాసేపు కూర్చొని, తోళ్ళు ఎలా నానబెడతారో, మూతలు ఎలా బిగిస్తారో చెప్పింది. నరం వణుకు కొంచెం తగ్గింది.

గుండె రెండు పొరల సంచిలో ఉంటుంది. ఆ పొరల మధ్య పలచని నీరు ఊరుతుంటే గుండె ఒరుసుకోకుండా కొట్టుకుంటుంది. శోషుడు ఆ నడుమ దూరి నీరంతా నాకేశాడు. పొరలు ఒకదానికొకటి అంటుకొని, గుండె కొట్టుకున్నప్పుడల్లా కీచుమంటున్నాయి.

ఎండిన పొర కనబడగానే చెంగల్వ చెయ్యి అలవాటుకొద్దీ నడుమున ఉన్న గీకుడు కత్తిమీదికి పోయింది. తోలును అంటుకున్న ఎండు పొరను గీకి పారేయడమే ఆమె నేర్చిన పని. ఒక్క గీత గీసిందో లేదో, గుండె ఆగిపోయింది. నరం కెవ్వుమంది.

చెంగల్వ పైప్రాణాలు పైనే పోయాయి. గుండె మళ్ళీ ఎలాగో కొట్టుకుంది. ఆమె కత్తి విసిరేసింది. ఇన్నాళ్ళూ ఆమె చేతికి వచ్చినవన్నీ చచ్చిన తోళ్ళు. ఇది బతికున్న పొర.

"దారివ్వమ్మా" అని బతిమాలి ఆమె పొరల మధ్య వేళ్ళు పెట్టింది. తరువాత భుజం, ఆ తరువాత ఒళ్ళంతా. గుండె కొట్టుకున్నప్పుడల్లా ఎముకలు నలిగినంత పనయ్యింది. అయినా రెండు పొరలనూ అరచేతులతో ఎడంగా పట్టుకుంది.

శోషుడు పకపకా నవ్వాడు. "పిచ్చిదానా, బయట నీకోసం చూసేవాళ్ళెవరున్నారు? నువ్వు లేవని ఒక్కరైనా గుర్తిస్తారా?"

"ఒక్కతి ఉంది" అంది చెంగల్వ. "ఆమె గుండెలోనే కూర్చున్నావు నువ్వు. లే!"

ఎంతసేపు అలా నిలబడిందో ఆమెకే తెలియదు. ఒరిపిడి తప్పేసరికి పొరలు నెమ్మదిగా చెమ్మగిల్లాయి. ఊరిన తడి శోషుడి కాళ్ళను తాకింది. వాడు ఉప్పుగల్లులా కరుగుతూ బొబ్బలు పెట్టి, చివరికి బొబ్బ కూడా లేకుండా పోయాడు.

తడి ఒళ్ళంతా పాకింది. వచ్చిన దారినే ముక్కుదాకా వచ్చిన చెంగల్వను ఈసారి జిగురుగోడ ఊరికే వదల్లేదు. రాకుమారి పెద్దగా తుమ్మింది! ఆ తుమ్ముతో చెంగల్వ ఎగిరి, మంత్రులతో మంచం పక్కన నిలబడిన మహారాజు ఎదుట పడి, వేరు మహిమ తీరి మామూలు మనిషైంది. ఒళ్ళంతా జిగురే. మంత్రులు ముక్కులు మూసుకున్నారు.

హేమలేఖ మంచం దిగి వచ్చి, అందరూ చూస్తుండగా ఆమెను కావలించుకుంది.

"ఈ మేడలో చుట్టూ ఇంతమంది ఉన్నా నాకు ఎప్పుడూ ఎవరూ లేనట్టే ఉండేది చెంగల్వా. నువ్వు గుండె దగ్గరికి వచ్చాక మాత్రం, చీకట్లోనైనా, ఒక మనిషి ఉందని తెలిసింది."

చెంగల్వ ఇంతకాలం ఒంటరిదాన్ని తానొక్కతినే అనుకునేది. ఆమె స్నేహితురాలి భుజంమీద తలపెట్టి వెక్కి వెక్కి ఏడ్చింది.

తరువాత హేమలేఖ రాణి అయింది. చెంగల్వ కోటలోనే మద్దెలలు కట్టింది. ఆ వాసన సింహాసనం దాకా వచ్చేది. రాణిగారు మాత్రం కిటికీలు మూయనిచ్చేవారు కాదు.