పిండిగదిలో రెండు ప్లేట్లు

"మీ పిండి పొంగే గదిలో వీటిని వారం రోజులు ఉంచుతారా?" అంటూ శ్రీరమ్య రెండు గాజు ప్లేట్లు కౌంటర్ మీద పెట్టింది.

"ఏంటండీ ఇవి, పెరుగా?"

"మీ బ్రెడ్‌లో వేసే ఈస్టే! దీని ఆరువేల జీన్సూ ఐదేళ్ల క్రితమే చదివేశారు. మనలో ఉండే జీన్స్ బోలెడు ఇందులోనూ ఉన్నాయి. మీరేమో బన్నుల్లో కాల్చేస్తున్నారు."

"అయితే నాకిది చుట్టమన్నమాట."

"మీకంటే తెలివైన చుట్టం. మూత మాత్రం తీయకండి వీరబాబు గారూ."

రెండువేల ఒకటి డిసెంబరు, గుంటూరులో మా బేకరీ. శ్రీరమ్యది పెదనందిపాడు, పత్తి రైతు కూతురు. ఆమె చదివే కాలేజీలో, వీటిని వెచ్చగా ఉంచే ఇంక్యుబేటర్ పాడైంది. ఈ ప్రాజెక్టు బాగా వస్తే హైదరాబాద్‌లో రీసెర్చ్ సీటు, లేకపోతే పెళ్లి. నాన్న మాట అది.

రోజూ సాయంత్రం వచ్చి ప్లేట్లు చూసుకునేది. నేను ఆమెను చూసుకునేవాణ్ణి.

ఆరోరోజు చూస్తే ఒక ప్లేటు నిండుగా ఉంది, రెండోది పలచగా ఉంది. అయ్యో, పిల్ల బాధపడుతుందే అనుకున్నాను. పిండి పొంగకపోతే నిన్నటి ముద్ద కాస్త కలుపుతాం కదా! మూతలు తీసి, నిండుగా ఉన్నదాంట్లోంచి కాస్త తీసి పలచగా ఉన్నదాంట్లో కలిపాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

మర్నాడు ప్లేట్లు కాలేజీకి పట్టుకెళ్లింది. సాయంత్రం పాలిపోయిన ముఖంతో వచ్చింది.

"రెండోది పాడైందండీ. ఎవరైనా మూత తీశారా?"

"అబ్బే! కరెంటు పోయింది, అందుకేమో."

ఛీ, పిరికివెధవని.

ఆ తర్వాత వారం రోజులూ వచ్చి, ఒక బన్ను తింటూ అరగంట నిలబడేది. "ఏమైనా చెప్పాలా?" అని అడిగేది. "లేదండీ" అనేవాణ్ణి. మళ్లీ మొదలుపెట్టే టైం లేక సీటు పోయింది. వేసవిలో పెళ్లయిపోయింది.

ఎనిమిదేళ్ల తర్వాత మొన్న వచ్చింది. పొన్నూరులో లెక్చరరట. ఇక ఆగలేకపోయాను.

"ఆ రోజు కలిపింది నేనేనండీ."

"తెలుసు. అవి ఆడా మగా లాంటి రెండు రకాలు. కలిస్తే జంట కట్టేస్తాయి. మైక్రోస్కోప్‌లో చూడగానే తెలిసిపోయింది."

"మరి అప్పుడే నిలదీయలేదేం?"

"వారం రోజులు ఆ బన్నులు ఎందుకు తిన్నాననుకున్నారు? నాకు బన్నంటేనే పడదు." రస్కుల డబ్బా వైపు చూసింది. "మీరు నిజం చెప్పుంటే మా నాన్న పెళ్లి మాటెత్తినప్పుడు మీ పేరు చెప్పేదాన్ని."

నేను తుడిచిన కౌంటరే మళ్లీ తుడిచాను.

"రస్కులు ఒక పావుకేజీ కట్టండి, పిల్లలకి."

కట్టబోయాను. ముడి రెండుసార్లు జారిపోయింది. పొట్లానికి దారం తనే ముడేసుకుంది.