నాడి అందని మనిషి

డాక్టరు గారి దగ్గర ఫిజీషియన్ అసిస్టెంటుగా చేరి ఆమెకది ఎనిమిదో నెల. రోగుల్ని చూడటం, కుట్లు వేయటం, మందులు రాయటం అన్నీ తనే. కింద సంతకం మాత్రం ఆయనది. "డాక్టరువీ కాదు, నర్సువీ కాదు, ఏం ఉద్యోగమే ఇది?" అని అన్నయ్య దెప్పితే, "నాలుగేళ్లు ఆగు, మాకోసం ఆస్పత్రులు ఎగబడతాయి" అనేది నవ్వుతూ.

ఆ సాయంత్రం ముసురు పట్టింది. డాక్టరు గారు పెద్దాస్పత్రికి ఆపరేషన్ పని మీద వెళ్లారు. క్లినిక్ అంతా స్పిరిట్ వాసన, తడి గొడుగుల వాసన. చివరి రోగి వెళ్లిపోయాడనుకుని చేతులు కడుక్కుంటుంటే, వెనక కుర్చీ కిర్రుమంది.

ఎవరో పెద్దాయన. మెడ దాకా గుండీలు పెట్టుకుని ఒద్దికగా కూర్చున్నాడు. తలుపు చప్పుడే కాలేదు.

"ఏంటండీ ఇబ్బంది, బాబాయ్ గారూ?"

"చూస్తే మీకే తెలుస్తుందమ్మా."

మణికట్టు పట్టుకుంది. నాడి అందలేదు. మెడ దగ్గర చూసింది. లేదు. స్టెతస్కోపు ఆయన గుండె మీద పెట్టింది... ఏమీ లేదు. తన గుండె మీద పెట్టుకుంది. దడదడలాడుతోంది. మళ్లీ ఆయన మీద పెట్టింది...

ఆయన ఓపిగ్గా చూస్తున్నాడు. రెప్ప వేయటం లేదు.

పక్క గదిలోకెళ్లి ఫోన్ చేసింది. "సార్... ఒకాయనకి నాడి లేదు. మాట్లాడుతున్నారు సార్."

"మాట్లాడేవాడికి నాడి లేకపోవటమేంటమ్మా? పొద్దున్నించీ ఏమైనా తిన్నావా? నార్మల్ అని రాసి పంపించెయ్."

తిరిగొచ్చేసరికి పెద్దాయన మెల్లిగా అడిగాడు. "ఆయనా అదే అన్నారా? అందరూ నార్మల్ అనే రాస్తున్నారు. పోయానని ఒక్కరు రాసిస్తే చాలమ్మా. వెళ్లిపోతాను."

"నాకు... ఆ సంతకం పెట్టే అధికారం లేదండీ."

"ఎప్పుడొస్తుంది?"

"మా ఉద్యోగంలో... ఎంత ఎదిగినా రాదండీ."

ఆయన కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది.

"పోనీలెండి. మీకైనా తెలిసింది. అదే పదివేలు."

లేచి వెళ్లిపోయాడు. క్లినిక్ మూసేద్దామని ఆమె తాళం చెవి పట్టుకుని హాలు తలుపు తీసింది.

హాలు నిండా జనం. బెంచీల మీద, గోడ వారన, మెట్ల మీద. దగ్గు లేదు. మాట లేదు. ఒక్కరి బట్టలూ తడవలేదు. ఆ చివర పెద్దాయన, ఆమెనే వేలితో చూపిస్తూ...

ముందు బెంచీలో ఒక తల్లి, ఒళ్లో ఉన్న పాప చెయ్యి పట్టి ముందుకి చాపింది.

"దీన్ని కూడా చూడండమ్మా."

ఆ చిన్న మణికట్టు పట్టుకుంది. వెచ్చగా ఉంది. నాడి... గబగబా కొట్టుకుంటోంది. పాప రెండో చెయ్యి ఆమె తెల్లకోటు అంచుని గట్టిగా పట్టుకుంది.

"నాడి లేదు కదూ?" అంది తల్లి, పాపని ఇంకా దగ్గరికి లాక్కుంటూ.