ఈరణ్ణ కాలు

"మత్తు ఎలాగూ ఇస్తున్నారు కదా, మళ్లీ గజ్జ దగ్గర ఆ సూది ఎందుకండీ?" అన్నాడు ప్రహ్లాద, చేతులు కడుక్కుంటూ.

"మత్తు మీ కోసం, కోసేటప్పుడు పిల్లాడు కదలకుండా. సూది వాడి కోసం," అంది శాల్మలి.

హుబ్బళ్లిలోని ఆ పిల్లల ఆసుపత్రికి ఆమె మత్తు డాక్టరుగా కొత్తగా వచ్చింది. అతను సర్జన్. హెర్నియా ఆపరేషన్లకు మంచి పేరున్నవాడు. నరాల దగ్గర మందిస్తే, లేచాక కూడా పిల్లలకు చాలాసేపు నొప్పి తెలియదని ఆమె వాదన. నొప్పి తగ్గించే సిరప్ చాలునని అతని వాదన.

"సిరప్ తాగాక కూడా పిల్లలు ఏడవడం మీరెప్పుడు విన్నారు? అప్పటికి ఇంకో కేసులో ఉంటారు."

మాస్కు పైనున్న అతని కళ్లు ఆమె మీద ఓ క్షణం ఎక్కువే నిలిచాయి.

నాలుగేళ్ల ఈరణ్ణ నిద్రలోకి జారాక, శాల్మలి స్కాన్ తెర చూసుకుంటూ మందిచ్చింది. ఆపరేషన్ బాగా జరిగింది. వాడు ఏడవకుండా లేచాడు, తల్లి నింగవ్వ పెట్టిన ఇడ్లీ తిన్నాడు. మంచం దిగబోయి కూలబడ్డాడు.

"అమ్మా, కాలు నిలబడట్లేదే!"

నింగవ్వ వాణ్ణి ఎత్తుకుని గొల్లుమంది. "నడిచొచ్చిన బిడ్డ! ఏం చేశారమ్మా వీణ్ణి?"

పరుగున వచ్చిన శాల్మలి కాలు పట్టి చూసింది. ముఖం పాలిపోయింది.

"నేనిచ్చిన మందే, నింగవ్వక్కా. పక్కనున్న కాలి నరానికి కూడా పాకింది. మందు తగ్గితే బలం వస్తుంది. అప్పటిదాకా ఇక్కణ్ణించి కదలను."

అంతలో ప్రహ్లాద వచ్చాడు. శాల్మలి తలెత్తలేదు.

"డాక్టరమ్మ చెప్పింది నిజం, అక్కా. నేనూ ఉంటాను," అని స్టూలు లాక్కుని ఆమె పక్కనే కూర్చున్నాడు.

బయట వాన పట్టుకుంది. నింగవ్వ కళ్లు బిడ్డ కాలి మీదే ఉన్నాయి.

"దెప్పరేం? మీకిదే అదను," అంది శాల్మలి మెల్లగా.

"ఇలాంటప్పుడు పిల్లాడిదే బలహీనత అన్న డాక్టర్లని చూశాను. మీరు 'నేనిచ్చిన మందే' అన్నారు. ఇంక ఏమని దెప్పను?"

ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. కిటికీ వైపు తిరిగింది.

సాయంత్రం ఈరణ్ణ విసుగ్గా మోకాలు చాచి దుప్పటి తన్నేశాడు. నింగవ్వ ఆ పాదాన్ని రెండు చేతుల్లోకి తీసుకుని కళ్లకద్దుకుంది. శాల్మలి అప్పుడు ఏడ్చింది, అందరి ముందూ. ప్రహ్లాద జేబురుమాలు ఆమె చేతిలో పెట్టాడు.

వానాకాలం చివర్లో ఒక రోజు అతను ఆమె గది గుమ్మంలో నిలబడ్డాడు.

"మా అక్క కొడుక్కి హెర్నియా. సొంత పిల్లాడు కాబట్టి ఆపరేషన్ మా పెద్ద డాక్టరుగారు చేస్తారు. సూది మాత్రం మీరే ఇవ్వాలి."

"వాడికీ కాలు పట్టు తప్పితే?"

"మీరు పక్కన కూర్చుంటారు."

"మరి మీరు?"

"మీ పక్కన. ఆ ఒక్క రోజే కాదు, శాల్మలి గారూ. మీరు సరేనంటే, బతికినన్నాళ్లూ."

ఆమె చేతిలోని కాగితాలు బల్ల మీద పెట్టింది.

"ముందు మీ అక్కగారితో మాట్లాడాలి. ఈరణ్ణ సంగతి దాచకుండా చెప్పాలి."

"చెప్పండి."

"అది విన్నాక కూడా పిల్లాణ్ణి నా చేతికిస్తే," అంది శాల్మలి, ఈసారి అతని కళ్లలోకి చూస్తూ, "తమ్ముణ్ణి కూడా ఇమ్మని అడుగుతాను."