నీలి దారం పిల్ల

నర్మద నాతో మాట్లాడిన మొదటి మాట, "చేతులు కడుక్కున్నవా అన్నా?"

ఆ ఒక్క మాటతో నాకు రెండు దెబ్బలు తగిలాయి. చేతులు కడుక్కోలేదు, అది ఒకటి. ముక్కూ మొహం తెలియని మగవాళ్లందరినీ మా వైపు అన్నా అనే పిలుస్తారని తెలిసినా, అంత చక్కటి పిల్ల నోట ఆ మాట వినాల్సి రావడం రెండోది.

అప్పుడు నా ఎడమ అరచేతిలో రెండు రోజుల పిల్లికూన వెల్లకిలా పడుకుని ఉంది. కుడిచేతిలో ఇంకు ఫిల్లరు, దాని నిండా బర్రె పాలు.

"గట్ల వెల్లకిల పట్టి పోస్తే పాలు ఊపిరితిత్తులల్లకు పోతయి. పానం పోతది దానికి," అని కూనను నా చేతిలోంచి తీసుకుంది. తువ్వాల మీద బోర్లా పడుకోబెట్టింది. తల్లి దగ్గర ఎలా తాగుతుందో అలాగే.

సిరిసిల్లలో మాకు నాలుగు మరమగ్గాలున్నాయి. మా ఊళ్లో వాటిని సాంచలంటారు. నాలుగో సాంచ కింద నూలు అయిపోయిన ఖాళీ కండెలు వేసే గంపలో మా పిల్లి సుక్కవ్వ నాలుగు కూనల్ని పెట్టింది. నుదుటి మీద తెల్ల చుక్క ఉంటుందని దానికి ఆ పేరు. అది భయపడుతుందని నాలుగో సాంచ ఆపేశాను. అయినా రెండో రోజుకే దానికి జ్వరం వచ్చింది. రొమ్ములు గట్టిపడ్డాయి. కూనలు దగ్గరికి పాకితే గుర్రుమని లేచిపోతోంది. మా అమ్మ కనకవ్వ, నేను అవ్వ అనే పిలుస్తాను, ఊరుకోలేక డాక్టర్ మమతారాణి గారి జంతువుల క్లినిక్‌కు ఫోన్ చేయించింది. డాక్టరమ్మకు తీరిక లేక అసిస్టెంటును పంపింది. ఆ అసిస్టెంటే నర్మద.

"బర్రె పాలు అరగవు వీటికి. గీ పౌడరు గోరువెచ్చటి నీళ్లల్ల కలిపి పట్టు. పట్టినంక తడి దూదితోని కింద తుడువాలె. తల్లి నాకితేనే వీటికి ఒంటికి, రెంటికి వస్తది. తల్లి నాకుతలేదు గదా."

"తుడిసేది నేనా?"

"మరి నేనా? నాకింకా మూడు కుక్కల్ని చూసేదున్నది."

అవ్వ అవతల కండెలు చుడుతూ కిసుక్కున నవ్వింది.

ఆ ఉదయమే నన్ను రెండుసార్లు రక్కిన సుక్కవ్వ నర్మద చేతి కింద బుద్ధిగా పడుకుంది. ఆమె వేడి గుడ్డతో దాని రొమ్ములకు కాపడం పెట్టింది. సూది వేసింది. "తల్లి కోలుకుంటేనే పిల్లలు బతుకుతయి. ముందు దీనికి తిండి వెట్టుండ్రి. ఉప్పు, కారం లేకుండ కోడికూర ఉడకవెట్టు అవ్వా," అని చెప్పి వెళ్లిపోయింది. మళ్లీ రేపు వస్తానంది. ఆ రేపు కోసం నేను సబ్బుతో మోచేతుల దాకా కడుక్కుని కూర్చున్నాను.

ఆమెది ఆదిలాబాద్ అవతల బేల. మహారాష్ట్ర పొలిమేర. క్లినిక్‌లో చేరి మూడు నెలలే అయింది. డాక్టరమ్మ పని బాగా నేర్పుతుంది కానీ తప్పు చేస్తే ఊరుకోదట. నర్మద ఒకసారి మందు చీటీలు తారుమారు చేసినందుకు, "ఇంకోసారి గిట్లయితే ఆదిలాబాద్ బస్సెక్కుడే," అని చెప్పేసిందట. ఈ సంగతి నర్మద నవ్వుతూనే చెప్పింది. కానీ ఆ బస్సంటే ఆమెకు ఎంత భయమో కళ్లలో కనిపించింది.

మూడో రోజు నాకు పెద్ద చిక్కొచ్చి పడింది. నాలుగు కూనలూ బూడిద రంగే. ఏది తాగిందో ఏది తాగలేదో తెలియక ఒకదానికి రెండుసార్లు పట్టి, ఇంకోదాన్ని పస్తు పెడుతున్నాను. నేతగాణ్ణి కదా, నాకు తోచింది దారం. చీర అంచులకు వాడే రంగు నూలు తెచ్చి, వెనక కాళ్లకు ఒక్కో పోగు కట్టాను. ఎరుపు, ఆకుపచ్చ, పసుపు, నీలం.

నర్మద చూసి నవ్వింది. "మంచి ఉపాయమే. నీ పేరేంది?"

"అంబదాస్."

"మా దిక్కు పేరు లెక్కున్నదే."

"మా బాపు పెట్టిండు."

ఆ రోజు ఆమె నన్ను అన్నా అనలేదు. సాయంత్రం దాకా లెక్క చూసుకున్నాను, ఒక్కసారీ అనలేదు.

వెళ్లేముందు షెడ్డు గుమ్మంలో నిలబడి వాళ్లమ్మ సక్కుబాయికి ఫోన్ చేసింది. మరాఠీలో మాట్లాడింది. "పిల్లగాడు మంచోడే ఆయీ. చెయ్యి మెత్తన. నూలు పట్టినట్టు పడుతున్నడు పిల్లల్ని. మాటలే రావు పాపం," అంది.

నాకు పొల్లుపోకుండా అర్థమైంది. మా బాపు మహారాష్ట్రలోని భివండిలో సాంచలు నడిపిన రోజుల్లో నేను అక్కడే పుట్టాను. ఏడో తరగతి దాకా అక్కడే మరాఠీలో చదివాను. ఆ మాట అప్పుడే చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. రేపు ఇంకేమంటుందో వినాలని ఆశ.

ఆమె వెళ్లాక అవ్వ నా వంక చూసింది. భివండి నీళ్లు అవ్వా తాగింది మరి. "చెప్పరాదురా నీకు ఆ భాష వస్తదని?"

"చెప్త తియ్యే."

నాలుగైదు రోజులు గడిచాయి. సుక్కవ్వ జ్వరం దిగింది. లేచి గిన్నె ఖాళీ చేయడం మొదలుపెట్టింది. తొమ్మిదో రోజు పొద్దున పక్కకు ఒరిగి కూనలకు పాలిచ్చింది. నేనూ నర్మదా గంప పక్కన గొంతుక్కూర్చుని ఆ చప్పుడు వింటూ ఉండిపోయాం. గండం గడిచిందనుకున్నాం.

నీలి దారం పిల్ల మాత్రం తాగడం లేదు. సన్నగా ఏడుస్తోంది.

నర్మద దాన్ని తీసి వెనక కాలి బొచ్చు పక్కకు జరిపింది. దారం కనిపించలేదు. చర్మంలోకి దిగిపోయింది. దాని కింద పాదం వాచి నల్లబడింది.

తెగిన పోగును అతికేటప్పుడు మేం వేసే ముడి చాలా చిన్నది, ఎన్నటికీ జారదు. జారితే బట్టలో లోపం కనిపిస్తుంది కాబట్టి జారని ముడే మా చేతికి అలవాటు. కూన ఆ ముడి కోసం ఆగదు కదా, అది పెరుగుతుంది. పది రోజులకు కూన బరువు రెండింతలవుతుందని నర్మద నాకు మొదట్లోనే చెప్పింది. ఆ మాటకూ ఈ ముడికీ సంబంధం ఉందని ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు.

మిగతా మూడు దారాలూ అప్పటికప్పుడు కత్తిరించాం. వాటికి ఎర్రటి గీతలు పడ్డాయి, అంతే. నీలిదాన్ని చున్నీలో చుట్టుకుని నర్మద నా బండెక్కింది. ఆమె నా వెనక కూర్చోవడం అదే మొదటిసారి. వాన తుంపర కూడా మొదలైంది. ఇంకెప్పుడైనా అయితే ఆ రోడ్డు ఎప్పటికీ అయిపోవద్దని మొక్కుకునేవాణ్ణి. ఆ రోజు మాత్రం త్వరగా అయిపోతే చాలనుకున్నాను.

డాక్టరమ్మ కూనను లోపలికి తీసుకెళ్లింది. మేమిద్దరం బయట బెంచీ మీద కూర్చున్నాం. నర్మద ఫోన్ తీసి వాళ్లమ్మతో మరాఠీలో మాట్లాడింది.

"దారాలు కట్టిన రోజే నేను చూసిన ఆయీ. తీసెయ్యమని చెప్పాల్సింది నేనే. నవ్వుకుంట ఊకున్న. మేడానికి తెలిస్తే ఇంటికి పంపిస్తది... లేదు, అంబదాస్‌కు తెల్వదు. తప్పంతా తనదే అనుకుంటున్నడు పాపం. నాకు చెప్పే ధైర్యమైతలేదు."

పక్కనే కూర్చుని అంతా విన్నాను. ఆమె నన్ను చూడకుండా కళ్లు తుడుచుకుంది. ఆ క్షణంలో నాకు నర్మద మీద కోపం రాలేదు. ఆమెను ఆ బస్సు ఎక్కనివ్వకూడదని మాత్రం గట్టిగా అనిపించింది.

డాక్టరమ్మ తలుపు తీసుకుని వచ్చింది. "ఎవరు కట్టిన్రు గీ దారం?"

"నేనే మేడం," అన్నాను. "నిన్న పొద్దూకి కట్టిన. నర్మదకు తెల్వదు. ఆమె చూడనే లేదు."

"నిన్న కట్టిన దారం గింత లోపలికి పోదు." ఆమె గొంతు పెంచలేదు. "ఎన్ని రోజులైందో సరిగ్గ చెప్పాలె. నెత్తురు ఎప్పటిసంది అందుతలేదో తెలిస్తేనే పాదం ఉంచాల్నా తీసెయ్యాల్నా సోచాయించొచ్చు. ఇంకా ఉంచుదామని చూసి విషమెక్కితే కూనే దక్కది. చెప్పు."

నిజం చెబితే నర్మద పోతుంది. చెప్పకపోతే లోపల ఉన్నది పోతుంది. పక్కనున్న మనిషిని కాపాడాలనుకుని నేను చేసిన ఘనకార్యం అదీ.

నర్మద లేచి నిలబడింది.

"ఆరు రోజులైంది మేడం. కట్టిన రోజే నేను చూసిన. మంచిగున్నదని నవ్విన కూడా. తీసెయ్యమని చెప్పలే. తప్పు నాది."

డాక్టరమ్మ తలుపు పూర్తిగా తెరిచింది. "చేతులు కడుక్కోని లోపలికి రా. పట్టుకునేదానికి మనిషి కావాలె."

గంట తర్వాత నర్మద బయటకు వచ్చింది. పాదం తీసేయాల్సి వచ్చిందని, కూన బతుకుతుందని చెప్పింది. చెప్పి నా ఎదురుగా నిలబడింది.

"నిన్న కట్టిన అని అబద్ధమెందుకు చెప్పినవ్?"

ఇక దాచడానికి ఏమీ మిగల్లేదు. "ఫోన్ల మీ ఆయితోని చెప్పింది విన్న. నాకు మరాఠీ వస్తది. భివండిల పుట్టిన."

ఆమె మొహం ఎర్రబడింది. "మొదటిసంది?"

"మొదటిసంది."

"నేను నీ ఎదురుంగనే కూసోని నీ ముచ్చట చెప్తుంటె వినుకుంట ఊకున్నవా? ఇప్పుడేమో నా తప్పు నెత్తికెత్తుకున్నవ్. నేనడిగిననా? నీ అబద్ధానికి ఆ పిల్ల సచ్చిపోతుండె."

ఆమె లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది.

రెండు రోజులు రాలేదు. అవ్వ అడిగితే అంతా చెప్పాను. అవ్వ తిట్టలేదు, అది ఇంకా కష్టంగా అనిపించింది. "మంచి చేద్దామనే చేసినవ్ బిడ్డా. కని ఆ పిల్లను అడగకుండ చేసినవ్," అంది. ఆ రెండు రోజులూ మూడు సాంచలు నడుస్తున్నా షెడ్డు బోసిగా అనిపించింది.

మూడో రోజు మధ్యాహ్నం నర్మద వచ్చింది, చేతుల్లో కూనతో. మూడు పాదాలు, ఒక తెల్ల కట్టు.

"మందు వాసనకు తల్లి రానియ్యకపోవచ్చు," అంది, నన్ను కాకుండా గంపను చూస్తూ. మిగతా కూనలు పడుకున్న గుడ్డ తీసి దాని ఒంటికి మెల్లగా రుద్దింది. సుక్కవ్వ ముందు పెట్టింది. సుక్కవ్వ వాసన చూసి మొహం తిప్పుకుంది.

సాంచలన్నీ ఆపేశాను. ఇద్దరం నేల మీద కూర్చున్నాం.

"మేడం ఏమన్నది?" అని అడిగాను.

"మస్తు తిట్టింది. మల్ల ఉండుమన్నది. తప్పు చేసి చెప్పినోళ్లకు పని నేర్పొచ్చట."

"నర్మదా, నేను చెప్పాల్సింది. మరాఠీ వస్తదని గూడా, మిగతాది గూడా. నువ్వంటే నాకిష్టం. నువ్వు రాని రెండు రోజులు నాకు చేతులాడలే."

ఆమె కూన వైపే చూస్తోంది. అది కట్టు కాలు ఈడ్చుకుంటూ తల్లి పొట్ట వైపు పాకింది, పడింది, మళ్లీ పాకింది. నా చెయ్యి ముందుకు పోయింది. నర్మద నా మణికట్టు పట్టుకుని ఆపింది.

"ముట్టుకోకు. దాన్నే పోనీ."

సుక్కవ్వ తల తిప్పి చూసింది. కట్టును రెండుసార్లు వాసన చూసింది. తర్వాత కూన మెడ నోట కరిచి దగ్గరికి లాక్కుని, తల మీది నుంచి నాకడం మొదలుపెట్టింది. కూన వెతుక్కుని రొమ్ము పట్టుకుంది.

నర్మద ఏడ్చింది. నా మణికట్టు మాత్రం వదల్లేదు.

"నాకూ ఇష్టమే అంబదాస్," అంది కాసేపటికి. "కని నా తప్పు ఇంకోసారి నువ్వు మొయ్యకు. నాతోని కలిసి నిలవడు, చాలు."

"నిలవడత."

అవ్వ ఎప్పుడు వచ్చిందో గుమ్మంలో నిలబడి ఉంది. కొంగుతో కళ్లొత్తుకుని, "లెవ్వుండ్రి ఇగ. చేతులు కడుక్కోండ్రి, బువ్వ వడ్డిస్త," అంది. నర్మద లేచి, "వస్తున్న అవ్వా," అని ఇంట్లోకి నడిచింది.