ఎడమ వెనక టైరు

రోకలి జారింది!

ఝాన్సీ చటుక్కున చెయ్యి లాక్కుంది. రెప్పపాటు ఆలస్యమైతే వేళ్లు టైరుకీ, దాన్ని కప్పే రేకు ఫెండర్‌కీ మధ్య నుజ్జయ్యేవి.

"ఆపమన్నానేటి?" పిస్తోలు ఊపాడు ప్రదీప్. "ఒరే సినబాబూ... నువ్వు కదుపు!"

స్టీరింగ్ దగ్గర చినబాబు కారును అడుగు ముందుకు, అడుగు వెనక్కి కదిపాడు. ఝాన్సీ టైరు మీద రోకలి మళ్లీ అడ్డం పెట్టింది. అది దొర్లుతుంటే, హీట్ గన్ వేడికి మెత్తబడ్డ ఫెండర్ అంచు లోపలికి మడత పడుతోంది.

చీపురుపల్లి శివార్లలో ఝాన్సీ ఇంటి పెరడు. మిట్టమధ్యాహ్నం. తండ్రి నేర్పిన కార్ల డెంటింగ్ పనే ఆమెకు బతుకుతెరువు. ఇంట్లో ఒక్కతే ఉంటుంది.

వాళ్లకు కావాల్సిందీ అదే.

కారుకి కొత్తగా వేసిన వెడల్పాటి టైర్లు. వెనక బరువు. గుంట తగిలినప్పుడల్లా టైర్లు అంచుకు రాసుకుంటున్నాయట. నలుగురూ చూసే షెడ్డుకు వెళ్లే ధైర్యం లేదు.

"లోడు దించితే పని బాగా వస్తాది," అంది.

"డిక్కీ మీద సెయ్యేసావంటే... ఆ సెయ్యుండదు!"

కుడివైపు అయింది. ఎడమ చక్రం పైకి తల దూర్చింది.



అంచులో ఇరుక్కున్న ఖాకీ గుడ్డ పీలిక... దాని మీద ఎండిన నెత్తురు.

పొద్దున్న టీవీలో చెప్పారు. రాత్రి పాతపట్నం రోడ్డులో కారు ఆపబోయిన కానిస్టేబుల్‌ని గుద్దేశారు. మనిషి ఏమయ్యాడో తెలీదు.

"ఏటే సూస్తన్నావు?"

"తుప్పు బాబూ... తుప్పు."

ప్రదీప్ ఫోన్ మోగింది. అటు తిరిగాడు.

"సాయంత్రానికి విజయనగరం దాటించేస్తామన్నా..."

ఝాన్సీ కట్టర్ అందుకుంది. అంచుకి రెండు గాట్లు. మధ్య ముక్కను కత్తి మొనలా టైరు వైపు వంచింది.

ఇప్పుడు తగలదు. స్పీడులో ఒక్క గుంట పడితే చాలు... టైరు చీలిపోతుంది. దొంగ వెధవలు నడిరోడ్డు మీద దొరికిపోతారు!

"అయిపోనాది," అంటూ లేచింది.

ప్రదీప్ కారు వెనక డోర్ తీశాడు.

"ఎక్కు."

"ఏటి?"

"దారిలో రాసుకుంటే నిన్నెక్కడ ఎతుక్కోవాలి? ఎక్కి ఎడం పక్కన కూకో!"

ఝాన్సీ ఎక్కింది. కూర్చుంది... తను వంచిన మొనకి జానెడు దూరంలో!

పక్కనే ప్రదీప్. ఆమె డొక్కలో పిస్తోలు.

ఎనభై... తొంభై... నూట పది!

"నెమ్మదిగా పోనీ బాబూ!"

"నోర్ముయ్!"

ముందు గుంట కనపడింది. సీటు బెల్టు రెండు చేతులా బిగించింది.

ఫట్‌!!

కారు గిర్రున తిరిగింది. రోడ్డు దిగింది. మొక్కజొన్న చేలో పడి, గట్టుకు గుద్దుకుని ఆగింది.



చినబాబు స్టీరింగ్ మీద స్పృహ లేకుండా పడి ఉన్నాడు. ప్రదీప్ మొహమంతా నెత్తురు. తూలుతూ దిగాడు. పిస్తోలు ఝాన్సీ కాళ్ల దగ్గర!

అందుకుని ఆమె కూడా దిగింది.

అదిరిన దెబ్బకి డిక్కీ తెరుచుకుంది. గంజాయి బస్తాలు కింద దొర్లాయి. వాటి వెనక... కట్టేసిన కాళ్లు, చేతులు. నోటికి టేపు. ఖాకీ చొక్కా.

కళ్లు తెరిచి చూస్తున్నాడు.

కానిస్టేబుల్ బతికే ఉన్నాడు!

ఝాన్సీ అతన్నే చూసింది. ఈ మనిషినా తను చంపబోయింది?

"ఇంకా సావలేదేటిరా!" ప్రదీప్ బస్తాల మధ్య నుంచి జాకీ రాడ్ లాగాడు. "నువ్వు పోతే గుద్దింది సూసిన సాక్షే లేడు!"

"ఒరే! ఆగు!"

ప్రదీప్ తిరిగాడు. ఆమె రెండు చేతుల్లో పిస్తోలు వణుకుతోంది. చూసి పళ్లికిలించాడు.

"రోకలి అనుకున్నావేటే? కాల్సడం నీ వల్ల అవదు!"

రాడ్ రెండు చేతులా పైకెత్తాడు. కానిస్టేబుల్ కళ్లు మూసుకున్నాడు.

ఢాం!

రాడ్ మట్టిలో పడింది.

దాని మీద ప్రదీప్ పడ్డాడు.