ఉలవకట్టె మీద సెలెస్టా-2001

సాయంత్రం నాలుగు లోగా ఏజెంట్ ఓబులేసు చేయాల్సిన పనులు ఇవి.

ఒకటి: వేరుశనక్కాయల వ్యాపారి వేషంలో రాయదుర్గంలో దిగడం.
రెండు: మెకానిక్ లింగప్ప "వానెప్పుడు?" అంటే "వచ్చే ఏడు" అని కోడ్ చెప్పడం.
మూడు: లింగప్ప చేసిన డస్ట్ ఫిల్టరు, దాని డ్రాయింగు ఉన్న పెట్టె తీసుకోవడం.
నాలుగు: దాన్ని గుంతకల్లులో ఢిల్లీ రైలెక్కించడం.
ఐదు: విదేశీ కారును చూసి నోరు తెరవకపోవడం. దీని కింద చీఫ్ శ్రీరంగప్ప రెండు గీతలు గీశాడు.

పదకొండింటికి మొదటి రెండు పనులూ అయిపోయాయి. మూడోది వేరొకరు చేసేశారు.

"ఇచ్చేస్తినే!" అన్నాడు లింగప్ప, చేతుల గ్రీసు తుడుచుకుంటూ. "పొద్దున్నే ఒకామె వచ్చి సరిగ్గానే చెప్పె. నల్లద్దాలు, సెంటు వాసన. మీ మనిషే అనుకుంటి."

"వానెప్పుడంటే ఈ జిల్లాలో ఎవరైనా అదే చెప్తారు గదప్పా!"

ఢిల్లీలో ఫ్యాను కింద కూర్చుని ఆ కోడ్ రాసిన ఆఫీసరును ఓబులేసు మనసులోనే నాలుగు తిట్టాడు. నల్లద్దాల మనిషి మిస్ రత్న. గుమ్మఘట్ట దగ్గర విదేశీ క్యాంపులో ఇంటర్‌ప్రెటర్‌గా డిపార్టుమెంటే పెట్టిన ఏజెంటు. ఆమె ఎవరి పక్షమో ఇప్పుడు తేలింది.

ఆ క్యాంపులో 1984 జనవరి నుంచి సెలెస్టా-2001 అనే కారుకు 'డెజర్ట్ టెస్ట్' జరుగుతోంది. రెక్కల్లా పైకి లేచే తలుపులు, స్టీరింగు పక్కన టీవీ, మాట్లాడే కంప్యూటరు. మన దుమ్ముకు రోజుకు మూడుసార్లు ఆగిపోయేది. ఫొటోలు మాత్రం బ్రహ్మాండంగా వచ్చేవి.

"ఆ కారులోని సామాను మన బస్సుల్లోకి ఎప్పుడొస్తాదన్నా?" లింగప్ప అడిగాడు.

"ఎప్పటికీ రాదు. అది పత్రికల కోసం చేసింది. నీ ఫిల్టరైతే ప్రతి జీపులోకీ, ప్రతి బస్సులోకీ పోతాది. అందుకే ఎత్తుకుపోయినారు. వాళ్ల పేరుతో పేటెంటు చేయిస్తే, రేపు నీ ఫిల్టరు నువ్వు చేసుకున్నా నువ్వే దొంగవు."

లింగప్ప మొహం పాలిపోయింది. ఏడేండ్ల పని.

ట్రాన్సిస్టరు డబ్బాలోని వైర్‌లెస్‌లో చీఫ్ గొంతు గరగరమంది. "నాలుగింటికి బళ్ళారిలో చార్టర్ ప్లేన్. పెట్టె ఆ కారులోనే పోతుంది, స్పీడు గంటకు రెండొందలు. నీ దగ్గరేముంది?"

"లింగప్ప మోపెడ్, సార్."

"ప్రయత్నించు. ఓవర్."

ఇద్దరూ గుమ్మఘట్ట దారి పట్టారు. బళ్ళారికి పోవాలంటే ఆ కారు ఆ రోడ్డునే రావాలి. సగం దారిలో హనుమంతమ్మ అనే రైతు, పీకి ఎండబెట్టిన ఉలవ మొక్కలను, అదే ఉలవకట్టెను, తారురోడ్డు మీద పరుస్తోంది. బస్సు చక్రాలు తొక్కితే గింజలు రాలతాయి. ఓబులేసును బీయస్సీ చదివించింది అలా రాలిన గింజలే. అతను మోపెడ్ ఆపాడు. ఆ కారు కడుపు నేలకు నాలుగు అంగుళాల ఎత్తు.

"పెద్దమ్మా, ఉండేదంతా రోడ్డుకు అడ్డంగా, మోకాలెత్తు పరుస్తావా?"

"ఎవరి బిడ్డవప్పా? బస్సు మూడింటికి గదా!"

"ముందర ఒక కారొస్తాది."

"కారు తొక్కితే రాల్తాయా గింజలు?" అని నవ్వింది గానీ పరిచింది. వాళ్లూ చేతులు కలిపారు.

రెండున్నరకు సెలెస్టా వెండి చేపలా వచ్చింది. లోపల ఆ క్యాంపు గ్యాంగ్ లీడర్ బ్రాంట్, పక్కన రత్న. గడ్డేగా అనుకున్నాడు బ్రాంట్. స్పీడు తగ్గించలేదు.

ఎండిన తీగలు ఇరుసుకు తాళ్లలా చుట్టుకున్నాయి. ఫర్లాంగు దూరంలో కారు గింజుకుని ఆగింది. వేడికి అడుగున పొగ, పొగలోంచి మంట. తలుపులు లేవలేదు. "ఆల్ సిస్టమ్స్ నార్మల్," అంది కంప్యూటరు.

"ఓయమ్మా, కాలిపోతాండాము!" మిస్ రత్న ఇంగ్లీషు అంతటితో సరి.

హనుమంతమ్మ పక్కన రెండు బిందెలున్నాయి.

"రెండు మైళ్లు మోసిన నీళ్లప్పా. బస్సుకైతే పోసేదాన్ని."

"లోపల మనుషులుండారు పెద్దమ్మా. ఈయప్ప ఏడేండ్ల కష్టమూ ఉండాది."

ఆమె లింగప్ప మొహం చూసింది. రెండు బిందెలూ ఎత్తుకుని ఉరికి మంట మీద కుమ్మరించింది, అది కాస్త అణిగింది. 'బుల్లెట్ ప్రూఫ్' అద్దం మూడో రాయికి పగిలింది. మనుషులను లాగాక, సీటు అంటుకునే క్షణంలో ఓబులేసు పెట్టె లాగేశాడు. పెట్టె మూల మసిబారింది, అంతే.

మూడింటి బస్సొచ్చింది. బ్రాంట్‌నూ రత్ననూ వెనక చక్రం మీది సీట్లో కూర్చోబెట్టి, టిక్కెట్లు కొట్టించి మరీ రాయదుర్గం పోలీసు స్టేషనుకు చేర్చారు. నాలుగు దాటినా, పెట్టె ఆ రాత్రే గుంతకల్లులో ఢిల్లీ రైలెక్కింది.

రెండేండ్లకు లింగప్ప ఫిల్టరు, లింగప్ప పేరుతోనే, ఆర్మీ జీపుల్లోకీ ఆ బస్సులోకీ వచ్చింది. సెలెస్టా నుంచి మామూలు జనానికి చేరింది ఒక్క రెక్క తలుపు. హనుమంతమ్మ కోళ్లగూటికి కప్పు అయింది.

ఆమె పేరు ఓబులేసు రిపోర్టులో రాశాడు. ఢిల్లీ కొట్టేసి 'స్థానిక అవరోధం' అని రాసుకుంది. కాలిన ఉలవకట్టె సంగతి ఎవరూ అడగలేదు. అందుకే అయ్యా, ఆ రోడ్డున ఉలవకట్టె కనబడితే హారను కొట్టకుండా నిదానంగా తొక్కించి పోండి. హనుమంతమ్మను ఒక్కసారి తలుచుకోండి.