సున్నపు తేట

ఎనభై రెండు నాటి సంగతి. రాజోలు అవతల గోదావరి గట్టున, తెల్లారేసరికి నూకాలమ్మ ముంత పట్టుకుని మొగుడి మంచం దగ్గర నిలబడింది. మజ్జిగలో గుల్లసున్నపు తేట. పడవ తోసీ తోసీ సత్తియ్యకి నడుం పట్టేసిందనీ, ఎముకకి సున్నం తగిలితే బాగవుతుందనీ ఆవిడ నమ్మకం. నెల రోజులుగా తాగిస్తోంది.

అప్పుడే కూతురు సుందరి కాయితం పట్టుకుని వచ్చింది.

"అమ్మా, నాన్న రక్తం పరీక్ష వచ్చింది. కాల్షియం ఎక్కువుందంట."

"అంటే?"

"సున్నమేనే."

నూకాలమ్మ మొహం వెలిగిపోయింది. "చూశావా! నా మజ్జిగ పని చేసింది!"

"పరీక్ష చేసినోళ్ళు డాక్టరుగారికి చూపించమన్నారు కదే."

"ఎముక గట్టిపడ్డాక ఆయనకెందుకు? లెగు మావా, వారం నించి పడవ గట్టు మీద ఎండుతోంది."

"నొప్పి తగ్గలేదే, నూకా."

"మంచం దిగితే కదా తగ్గేది! నీ వయసోళ్ళు పొద్దున్నే ఏట్లో ఉన్నారు. నువ్వేమో కొత్తల్లుడిలా పడుకున్నావు."

సత్తియ్య గోడ పట్టుకుని లేచాడు. రేవులో పడవకి భుజం ఆనించి తోశాడు. పడవ జానెడు కూడా కదల్లేదు. నడుం లోపల కటుక్కుమంది. ఇసకలో కూలబడిపోయాడు.

అమలాపురంలో ప్రభాకరరావు డాక్టరుగారు ఎక్స్‌రే చూశారు, ఆ తర్వాత కాయితం చూశారు.

"వెన్నుపూస విరిగిందమ్మా. ఇది మైలోమా, ఎముకల మూలుగలో పుట్టే క్యాన్సరు. ఎముక కరిగి, అందులో సున్నం రక్తంలోకి దిగుతోంది. రక్తంలో పెరిగిందంటే ఎముక గుల్లవుతోందని. విరగబోతోందని ఈ కాయితం ముందే చెప్పింది. ముందు నాకు చూపిస్తే మంచం దిగనిచ్చేవాడినే కాదు."

"మరి నేను పోసిన తేటండీ?"

"రోగం దానివల్ల రాలేదు. కానీ ఇక ఒక్క చుక్క పొయ్యకు."

"నేనే లేపేనండి. నొప్పంటే ఎక్కిరించి మరీ లేపేను..." నెత్తి కొట్టుకుంది.

బల్ల మీంచి సత్తియ్య చెయ్యి చాపి ఆవిడ మణికట్టు పట్టుకున్నాడు. "దాన్నేవీ అనకండి బాబూ. బలమొచ్చిందంటే నేనూ సంబరపడ్డాను."

"ఎన్నాళ్ళుంటాడండి?"

డాక్టరుగారు మందుల చీటీ అందుకున్నారు. "మందులు మొదలెడదాం. బరువు మాత్రం ముట్టుకోనివ్వకు."

"ఆయ్," అంది నూకాలమ్మ.

కొన్నాళ్ళకి ఇంటికి తెచ్చారు. మర్నాడు పొద్దున్నే నూకాలమ్మ తేట కుండ పెరట్లో బోర్లించి, చీర ఎగ్గట్టి, పడవ నడిపే గెడ తీసుకుని సుందరితో రేవులోకి దిగింది. ఇద్దరూ పడవకి భుజాలు ఆనించారు.

వసారాలో చెక్క పరిచిన మంచం మీంచి సత్తియ్య కేక వేశాడు. "ఆగవే నూకా! ఏటికి పోటు ఎక్కనీ, నీళ్ళే పడవని ఎత్తుతాయి. నడుం జాగర్త!"

నూకాలమ్మ కళ్ళు తుడుచుకుంది. ఆ మాట తను అతనికి ఒక్కసారైనా చెప్పలేదు.